నీళ్ళ వంతు

ఔలు పట్టణంలో జనవరి.
పొద్దున్న తొమ్మిదైనా కిటికీ బయట
కాటుక కడిగిన నీళ్ళ రంగే.
నా ట్రాలీ మీద రెండు ఫ్లాస్కులు:
ఒకదాంట్లో కాఫీ, ఒకదాంట్లో వేడినీళ్ళు.
ఎవరికేదో నేను తేల్చను, డాక్టరూ తేల్చడు.
మూసిన కవరు తేలుస్తుంది.

పేగు కోసి కలిపాక
అది కొన్నాళ్ళు అలుగుతుంది,
వెలుగు చూపించినందుకు,
చేతులతో పక్కకి జరిపినందుకు.
పలకదు. కదలదు.
ఎంత గొప్ప సర్జనైనా
దాని అలక ముందు చేతులు కట్టుకు నిలబడాల్సిందే.
మేం అడిగే ప్రశ్న చిన్నది:
రోజుకి మూడు కప్పుల కాఫీ పోస్తే
ఆ అలక కాస్త ముందు తీరుతుందా?

పదకొండో మంచం తౌనో పిక్కరైనెన్.
డెబ్బై రెండేళ్ళు.
మంచు చీల్చే ఓడలో ముప్పై ఏళ్ళు ఇంజను చూసినవాడు.
కవరు విప్పాను. నీళ్ళు.
ఈ దేశంలో ఒక మనిషికి కాఫీ లేదనడం
పెళ్ళి పంక్తిలో విస్తరి లాగేయడమే.
ఆయన కప్పులోకి తొంగి చూసి
"ఇందులో నా మొహం తప్ప ఏం లేదే" అన్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
ఇక్కడ చించి, కుట్టి,
ఆ సాయంత్రమే కాళ్ళ మీద నిలబెడతాం.
పూర్వం రోజుల తరబడి పడుకోబెట్టేవారట,
నోట్లో చుక్క నీళ్ళు పోయకుండా.
అదే దయ అనుకున్నారు,
దయని కూడా లెక్కపెట్టి చూడాలని
ఎవరికో తోచేదాకా.

మర్నాడు స్టెతస్కోపు పెట్టాను.
ఏమీ లేదు. గడ్డకట్టిన సముద్రం.
"ఇటివ్వు" అని తన చెవుల్లో పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు,
ఓడ అడుగున ఇనపరేకుకి చెవి ఆనించి
షాఫ్టు తిరుగుడు పట్టుకున్న మనిషి.
"ఆగిపోలేదు" అన్నాడు.
"వేగం తగ్గించుకుంది అంతే. మంచు మందంగా ఉంది."

పక్క మంచం ఒస్మోది కాఫీ వంతు.
జాలిపడి, నేను అటు తిరిగినప్పుడు
తన కప్పు ఇటు జరిపాడట.
ఈ సంగతి సాయంత్రం తౌనోయే చెప్పాడు,
జామకాయ దొంగిలించిన పిల్లాడిలా:
"తాగలేదు. వాసన చూశాను. రాసుకో.
నీ కాగితంలో దానికి గడి ఉందా?"
లేదు. అంచున రాశాను.

ఫారంలో దాని పేరు తొలి వాయు విసర్జన.
ఆ సంస్కృతం చాటున దాక్కున్నది
పిల్లలు అని పకపకా నవ్వే రెండక్షరాలే.
పెద్దవాళ్ళం దానికోసం
గడియారం చూసుకుంటూ కూర్చుంటాం,
వానకోసం కూర్చున్నట్టు.

ఆ రాత్రి డ్యూటీ కూడా నాదే.
తెల్లారుజామున నాలుగూ నలభైకి బెల్లు మోగింది.
చీకట్లో మోచేతుల మీద లేచి ఉన్నాడు.
"కదిలింది" అన్నాడు.
ఇద్దరం నవ్వాం.
ఆయన దిండు కుట్లకి అదుముకుని నవ్వాడు.
ఒస్మో నిద్రలోంచి
"విన్నాం విన్నాం" అన్నాడు.

నలభై ఒకటో గంట. నీళ్ళ వంతులో.
మా కాఫీవాళ్ళు చాలామంది కన్నా ముందు.

కాఫీ గెలవాలనుకున్నదాన్ని నేను.
నిధులడిగిన ప్రతి ఉత్తరంలోనూ
ఆ ఆశనే మర్యాదగా మడిచి పెట్టాను.
వాసన చూశాడు కదా,
నియమం తప్పాడని ఒక్క ముక్క రాస్తే
ఈ అంకె పక్కకి జరిగిపోతుంది.
అడిగేవాళ్ళు లేరు.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.
అంచున నా రాతే ఉంది: తాగలేదు.

నలభై ఒకటి.
గడి మధ్యలో, తిన్నగా.

నాలుగో రోజు డిశ్చార్జి.
కోటు తొడుక్కున్నాక, కాగితాలయ్యాక,
ఆ ఇంకో ఫ్లాస్కులోంచి ఒక కప్పు వంచాను.
నిలబడే తాగాడు, గుక్క తర్వాత గుక్క,
మాట లేకుండా.
కప్పు చేతికిస్తూ అన్నాడు:
"చల్లారిపోయింది. అది కూడా రాసుకో."